పెదవాల్తేరులో విషాద నాటక పఠనం: రెండు గంటల చదువు మేలు, చివరి అరగంట అనవసరం

పెదవాల్తేరులో ఒక మేడమీది గదిలో ఆదివారం సాయంత్రాలు నడిచే నాటక పఠన తరగతికి పేరు లేదు, బోర్డు కూడా లేదు. పాత విషాద నాటకాలను తలా ఒక పాత్ర పంచుకొని పైకి చదవడం, ఆపైన వాటి గురించి మాట్లాడుకోవడం, అక్కడ జరిగే పని ఇంతే. చేతికిచ్చే కరపత్రంలో మాత్రం ‘మన బంధాలను అర్థం చేసుకొనేందుకు మహా నాటకాలు’ అని అచ్చువేశారు. ఆ వాక్యం చూసినవారికి ఇదేదో వ్యక్తిత్వ వికాస తరగతి కాబోలన్న అనుమానం రావడం సహజం. ఆ అనుమానంలో కొంత నిజముంది, ఆ కొంతే ఈ తరగతిలోని లోపం. నాటకం చదివించే రెండు గంటలూ నేను విశాఖలో డబ్బిచ్చి గడిపిన సాయంత్రాలన్నిటిలో మేలైనవి. చివరి అరగంట, అంటే ‘ఈ నాటకం నుంచి నేను నేర్చుకున్నది’ అనే శీర్షికతో ఒక కాగితమిచ్చి అందరిచేతా నింపించే అరగంట, తీసివేయదగినది.

ముందుగా వసతుల మాట. ఒక్కో నాటకానికి 500 రూపాయలు తీసుకుంటారు. నాటకం నాలుగు ఆదివారాలు సాగుతుంది, జిరాక్సు ప్రతి, విరామంలో టీ ఆ రుసుములోనివే. గదిలో ఇరవై మందికి మించి పట్టరు. మెట్లు నిటారుగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి. స్కూటరు నిలుపుకోవడానికి సందులో చోటు దొరుకుతుంది, కారుకు దొరకదు. సముద్రం అంత దగ్గరున్నా వేసవిలో గదిలో ఉక్కపోత తగ్గదు, ఫ్యాను వేగం పెంచితే మెల్లగా చదివేవారి గొంతు వినబడదు. వచ్చేవారిలో ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసినవారు, మధురవాడ వైపు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే యువకులు, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే విద్యార్థులు, ఒక నర్సు, జంటగా వచ్చే దంపతులు, భర్తను ఇంట్లో వదిలి ఒంటరిగా వచ్చే గృహిణులు ఉన్నారు. నటనానుభవం అక్కరలేదు. తరగతి నడిపే విశ్రాంత అధ్యాపకురాలు ఆంగ్ల ప్రతుల ఆధారంగా తానే వాడుక తెలుగులో పాఠం సిద్ధం చేస్తారు, అది నోటికి తేలికగా పలుకుతుంది. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ఎవరూ తమ ఇంటి సంగతులు చెప్పకూడదు, పాత్రల సంగతులే మాట్లాడాలి. ఈ నియమం ఎంత తెలివైనదో రెండో ఆదివారానికే తెలిసిపోతుంది, ఎందుకంటే పాత్రల గురించి మాట్లాడుతున్నామన్న ధైర్యంతో మనుషులు తమ గురించి ఎన్నడూ చెప్పుకోని మాటలు చెబుతారు.

ఏ నాటకానికైనా ముందు ఆమె చెప్పే ఉపోద్ఘాతం పది నిమిషాలకు మించదు, అందులో ప్రతిసారీ వచ్చేది ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ప్రస్తావన. ‘కావ్యశాస్త్రం’ 14వ అధ్యాయంలో ఆయన, శత్రువు శత్రువును చంపితే మనకు ప్రత్యేకించి జాలి కలగదనీ, ముక్కూముఖం ఎరుగనివారి మధ్య జరిగినా అంతేననీ, అన్నదమ్ముల మధ్య, తండ్రీకొడుకుల మధ్య, తల్లీబిడ్డల మధ్య అలాంటిది జరిగినప్పుడే, జరగబోయినప్పుడే, విషాద నాటకానికి తగిన ఘట్టం ఏర్పడుతుందనీ అన్నాడు. దాని ముందు అధ్యాయంలోనే, పతనమయ్యే మనిషి పరమ సజ్జనుడూ కాకూడదు, దుర్మార్గుడూ కాకూడదు, ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోవాలి అని చెప్పాడు. ఈ రెండింటినీ కలిపి చూస్తే, విషాద నాటకమంటే రాజుల కథ అనే దూరం తగ్గిపోతుంది. కిరీటమూ సింహాసనమూ పైపై అలంకారాలు, అసలు విషయం ఒక ఇంటివాళ్లు ఒకరినొకరు పోగొట్టుకోవడం. మన టీవీ ధారావాహికల్లో కుటుంబ కలహానికి ఒక దుష్టపాత్ర తప్పనిసరి, ఆ పాత్రను గుమ్మం దాటిస్తే కలహమూ తీరిపోతుంది. ఈ తరగతిలో మొదట చదివిన నాటకంలో అలా గుమ్మం దాటించదగినవారు ఒక్కరూ లేరు.

అది గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ క్రీ.పూ. 441 ప్రాంతంలో రాసిన ‘ఆంటిగొని’. యుద్ధంలో ఒకరినొకరు చంపుకొన్న ఇద్దరన్నదమ్ములలో ఒకరికి సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించి, నగరం మీదికి దండెత్తి వచ్చిన రెండోవాడి శవాన్ని మాత్రం కుక్కలకు, గద్దలకు వదిలేయాలని కొత్త రాజు క్రియాన్ ఆజ్ఞాపిస్తాడు. చెల్లెలు ఆంటిగొని ఆ ఆజ్ఞను మీరి అన్న శవం మీద మట్టి వేస్తుంది. పాశ్చాత్య విమర్శకులు పుటలకు పుటలు రాసి వివరించే విషయాన్ని ఈ గదిలో ఎవరికీ వివరించనక్కరలేకపోయింది. కర్మకాండ జరగని చావు ఇంటివారిని ఎంత కలతపెడుతుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మరొకటి కూడా మనవారికే చప్పున తోచింది. క్రియాన్ ఆంటిగొని తల్లికి సోదరుడు, అంటే ఆమెకు మేనమామ. ఆయన కొడుకు హేమన్‌తోనే ఆమెకు పెళ్లి నిశ్చయమైంది. మేనరికం అన్నమాట. ఈ చుట్టరికం గుర్తించగానే ఆ రాజాజ్ఞ కాస్తా మేనమామ మేనకోడలి మీద చూపే పంతంగా వినబడడం మొదలైంది.

నాలుగు వారాల్లో అన్నిటికన్నా బాగా చదివినది హేమన్ తండ్రితో మాట్లాడే ఘట్టం. ఆ కుర్రవాడు వినయంగానే మొదలుపెడతాడు: నేను నీవాడినే నాన్నా అంటాడు. ఊళ్లో జనం చాటుగా ఏమనుకుంటున్నారో చెబుతాడు. వరదకు వంగే చెట్టు కొమ్మలతో సహా మిగులుతుందనీ, ఎదురునిలిచేది వేళ్లతో సహా పోతుందనీ అంటాడు. తండ్రికి ఆ మాటల్లోని అర్థం చెవినబడదు, ఈ వయసువాడు నాకు చెప్పేదేమిటన్న ఒక్క విషయమే చెవినబడుతుంది. అక్కడి నుంచి సంభాషణ ఒక్కొక్క పంక్తిగా కుదించుకుపోయి, ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ, చివరికి హేమన్ ఇక నా ముఖం చూడవని చెప్పి వెళ్లిపోతాడు. ఇంజనీరింగులో ఏ శాఖ తీసుకోవాలన్న దగ్గర మొదలై, ఎవరిని పెళ్లి చేసుకోవాలన్న దగ్గరకు వచ్చేసరికి మన ఇళ్లలో నడిచే వాదన ఇదే మెట్ల మీదుగా దిగుతుంది. మొదటి రెండు నిమిషాలూ విషయం గురించి, ఆ తరువాతంతా ఎవరు పెద్ద అనే దాని గురించి. క్రియాన్‌ను దుర్మార్గుడని తీసిపారేయడానికి నాటకం ఒప్పుకోదు. జోస్యుడు తైరీసియస్ హెచ్చరించాక అతను మనసు మార్చుకుంటాడు కూడా. కానీ ముందు శవానికి అంత్యక్రియలు జరిపించి, ఆ తరువాత ఆంటిగొనిని బంధించిన గుహకు వెళతాడు. అప్పటికే ఆమె ఉరివేసుకుంది. హేమన్ తండ్రి మీదికే కత్తి దూసి, గురి తప్పి, అదే కత్తితో ప్రాణం తీసుకుంటాడు. కొడుకు సంగతి విన్న తల్లి భర్తను శపిస్తూ చనిపోతుంది. తప్పు దిద్దుకోవడంలో కూడా వరుస తప్పే అవకాశముందన్న ఊహ నాకు ఈ ఘట్టం ముందు ఎన్నడూ రాలేదు.

రెండోది ‘కింగ్ లియర్’. ఈ సమీక్షలో దీనికి ఎక్కువ చోటిస్తున్నందుకు సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు, విశాఖలో లియర్ కథ తెలియని వీధి ఉండదు. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటే ఇక్కడి అపార్టుమెంటులో మిగిలిన తల్లిదండ్రులు, ఇల్లు ఎవరి పేర రాయాలన్న ఆలోచన, రాసిన తరువాత ఎవరి దగ్గర ఎన్నాళ్లుండాలన్న వంతులు, ఇవన్నీ షేక్‌స్పియర్ 1605, 1606 ప్రాంతంలోనే రాసిపెట్టాడు. ముసలి రాజు లియర్, ముఖస్తుతి చేయని చిన్నకూతురు కార్డీలియాను వెళ్లగొట్టి, రాజ్యాన్ని ఇద్దరు పెద్దకూతుళ్లకు పంచి, వంద మంది పరివారంతో నెలకొకరి ఇంట ఉంటానని షరతు పెడతాడు. వంతులు అన్న మాట పాఠంలో రాగానే గదిలో చిన్న నవ్వు పుట్టి ఆగిపోయింది.

పరివారం లెక్క తగ్గిపోయే ఘట్టాన్ని బల్ల చుట్టూ కూర్చొని పైకి చదివినప్పుడు తెలిసేది, మనసులో చదివినప్పుడు తెలియదు. వంద మందిని యాభై చేయమంటుంది పెద్దకూతురు గానెరిల్. రెండో కూతురు రీగన్ ఇరవై అయిదుకు మించి రానివ్వనంటుంది. అప్పుడు పెద్దది ఇరవై అయిదెందుకు, పదెందుకు, అయిదెందుకు అంటుంది. రెండోది ఒక్కరైనా ఎందుకు అంటుంది. ఆ రోజు గానెరిల్ పాత్ర చదివినావిడ ఒక్క పంక్తిని కూడా కర్కశంగా పలకలేదు. ఇల్లు నడిపే మనిషి విసిగిపోయి, లెక్క చూపించి, సబబుగా మాట్లాడినట్లు చదివారు. నిజానికి వంద మంది తాగి గోల చేస్తుంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుందని ఒకరిద్దరు ఆమె పక్షాన వాదించారు కూడా. అవసరం సంగతి ఎత్తవద్దని లియర్ మొరపెట్టుకొనేది ఆ వెంటనే కనుక, సబబైన లెక్కకూ ముసలితండ్రి మర్యాదకూ మధ్య ఎంత దూరముందో అప్పుడు బాగా వినబడింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దుచేయమని ట్రిబ్యునలును అడిగే వీలు దాని 23వ సెక్షన్‌లో ఉంది. లియర్ ఈ కాలంలో ఉంటే కేసు గెలిచేవాడేమో. కానీ నాలుగో అంకంలో అతను కార్డీలియా ముందు మోకరిల్లి, విషమిస్తే తాగుతాను, నీకు నా మీద కోపానికి కారణముంది అన్నప్పుడు, ఏ కారణమూ లేదు, ఏ కారణమూ లేదు అని ఆమె అంటుంది చూడండి, ఆ ఊరట ఏ ట్రిబ్యునలూ ఇవ్వగలది కాదు.

ఈ నాటకం ముగింపును భరించడం మనకొక్కరికే కష్టం కాలేదు. నాహమ్ టేట్ అనే కవి 1681లో దీన్ని తిరగరాసి, లియర్‌ను బతికించి, కార్డీలియాకు ఎడ్గర్ అనే మరో పాత్రతో పెళ్లి నిశ్చయింపజేశాడు. ఇంగ్లండు రంగస్థలం ఒకటిన్నర శతాబ్దం ఆ రూపంతోనే సరిపెట్టుకుంది, 1838లో నటుడు మక్రెడీ షేక్‌స్పియర్ పాఠాన్ని తిరిగి తెచ్చేదాకా. మనవారు చేసినదీ అదే. లియర్ ఛాయలున్న 1949 నాటి ‘గుణసుందరి కథ’లో చిన్నకూతురు, ఆమె తండ్రి కష్టాలు గట్టెక్కి సుఖపడతారు. నాకు ఆ చిత్రమంటే ఇష్టమే. అయితే సుఖాంతంలో తండ్రి తప్పు దిద్దుబాటైపోతుంది కనుక ప్రేక్షకుడు తన ఇంటి సంగతి తలచుకోకుండానే బయటికి వస్తాడు. ఉరితీసిన కార్డీలియాను చేతులమీద మోసుకువచ్చిన లియర్ ఆ వీలు ఇవ్వడు. ఆ చివరి పుట చదవవలసినవారు, పదవీ విరమణ చేసిన పెద్దాయన, గొంతు పట్టేసి పక్కవారికి అందించారు. నిర్వాహకురాలు ఏమీ అనకుండా చదువు సాగనిచ్చారు. ఆమె మీద నాకు గౌరవం కలిగినది అప్పుడే.

మూడోది షేక్‌స్పియర్‌దే, ‘ఒథెల్లో’. యువకులు ఎక్కువగా వచ్చినది దీనికే, కారణం ఊహించడం కష్టం కాదు. సేనాని ఒథెల్లో మీద పగబట్టిన అతని కింది అధికారి ఇయాగో మూడో అంకంలో అబద్ధాలు గుప్పించకుండానే పని మొదలుపెడతాడు. కాసియో అనే అధికారి ఒథెల్లో భార్య డెస్డిమోనా దగ్గరనుంచి వెళ్లిపోవడం చూసి, ఇది నాకు నచ్చలేదు అని గొణుగుతాడు, ఏమన్నావని అడిగితే ఏమీ లేదంటాడు. ఒథెల్లో అన్న మాటనే తిరిగి అని ఆగిపోతాడు. మిగతాదంతా ఒథెల్లో తానే పూరించుకుంటాడు. ఆఖరుసారి ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో, నీలిరంగు గుర్తులు వచ్చాక ఎంతసేపటికి జవాబు వచ్చిందో చూసుకొంటూ రాత్రంతా కథలల్లుకొనేవారికి ఇయాగో అవసరం కూడా లేదు, ఆ పని ఫోనే చేసిపెడుతుంది. అయితే ఈ పోలికను యువకులు రెండు ఆదివారాలు సాగదీశారు, నిర్వాహకురాలు కాస్త పగ్గం వేయవలసింది. దానికన్నా విలువైన ఘట్టం దాదాపు గుర్తింపు లేకుండా దాటిపోయింది. ఒథెల్లో ఇచ్చిన చేతిరుమాలు ఎక్కడ పోగొట్టుకున్నానో అని డెస్డిమోనా అడిగితే, దాన్ని తీసి తన భర్త ఇయాగో చేతికిచ్చిన పరిచారిక ఎమీలియా, తెలియదమ్మా అంటుంది. భర్తను సంతోషపెట్టడానికి చేసిన చిన్న పని, యజమానురాలికి చెప్పలేక మింగిన చిన్న మాట. డెస్డిమోనా కూడా ఆ కాసేపట్లోనే ఒథెల్లోతో రుమాలు పోలేదని బుకాయిస్తుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు నిజం పలికి ఉంటే ఇయాగో పన్నాగం ఆ రోజే బయటపడేది. ఎమీలియా నిజం చెబుతుంది, అయిదో అంకంలో, భర్త కత్తికి బలవుతూ.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ప్రతి నాటకం ముగిసినరోజు అరగంట మిగిల్చి, నేర్చుకున్నదేమిటో రాయమంటారు, కొందరివి పైకి చదివిస్తారు. వచ్చిన జవాబులు: ఆస్తి ముందే రాసివ్వకూడదు, భార్యాభర్తల మధ్య నమ్మకం ఉండాలి, పంతం పనికిరాదు, పిల్లల మాట వినాలి. ఇవి తెలియనివారెవరు? ఇవి తెలుసుకోవడానికి గ్రీకు దేశం దాకా పోవాలా? అసలు ఈ నాటకాల్లో మంచి సలహాకు కరవే లేదు. హేమన్ సకాలంలోనే సలహా ఇచ్చాడు. లియర్‌కు కెంట్ అనే ప్రభువు మొదటి ఘట్టంలోనే చెప్పి దేశబహిష్కారం పొందాడు, విదూషకుడు అడుగడుగునా చెబుతూనే ఉన్నాడు. అసూయ దగ్గర జాగ్రత్తగా ఉండమని ఒథెల్లోను హెచ్చరించినవాడు ఎవరో కాదు, ఇయాగోయే. తెలిసిన మాట తెలిసిన మనిషి చెబుతుంటే కూడా ఎందుకు చెవికెక్కదన్నది ఈ నాటకాలు పట్టుకున్న ప్రశ్న, ఈనాటి భార్యాభర్తలకూ తండ్రీకొడుకులకూ ఇవి పరాయివిగా అనిపించకపోవడానికి నాకు కనబడే కారణమూ అదే. దాన్ని నాలుగు సూక్తులుగా కుదించి కాగితం మీద రాయించడమంటే, రెండు గంటలు శ్రమపడి తెరిచిన తలుపును మళ్లీ గడియవేయడమే. కరపత్రంలో వాగ్దానం చేశారు కాబట్టి ఏదో ఒక ఫలితం చూపాలన్న ఆరాటం దీని వెనక ఉందని నా అనుమానం.

ఆ అరగంటకు బదులుగా ఏం చేయవచ్చో వారి తరగతిలోనే ఒకసారి అనుకోకుండా జరిగింది. ‘ఆంటిగొని’ చదివినప్పుడు కాలం మిగిలితే, తండ్రీకొడుకుల ఘట్టాన్ని పాత్రలు మార్చి మళ్లీ చదివించారు. క్రియాన్ పంక్తులు ఇరవై ఏళ్లవాడి నోట, హేమన్ పంక్తులు అరవై దాటినాయన నోట విన్నాం. ఆ పెద్దాయన కొడుకుగా బతిమాలుతుంటే వాదన బరువంతా అటు మొగ్గింది, మొదటిసారి క్రియాన్ పక్షాన మాట్లాడినవారు ఈసారి ఏమీ అనలేదు. ప్రతి నాటకానికీ ఇలా ఒక ఘట్టం మార్చి చదివిస్తే చాలు. ఈ మాట వారికి రాసి ఇచ్చాను, ఆలోచిస్తామన్నారు.

నాటకాల ఎంపిక గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఇంతవరకు అన్నీ పడమటివే. సంస్కృత నాటకకర్త భాసుడి ‘ఊరుభంగం’ ఒక్క ఆదివారంలో పూర్తయ్యే ఏకాంకిక. 1912లో టి. గణపతిశాస్త్రి తిరువనంతపురంలో ప్రచురించిన ఆ నాటకంలో, తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడి ఒడిలో కూర్చోబోతాడు చిన్నికొడుకు దుర్జయుడు, కూర్చోనివ్వలేని తండ్రి వాడికి ఏం చెప్పాలో తెలియక చెప్పే మాటలు ఏ దేశపు నాటకానికీ తీసిపోవు. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరుపొందింది. సవతితల్లి నిందను నమ్మి కన్నకొడుకును శిక్షించే తండ్రి కథ అది. క్రీ.పూ. 428లో గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ ప్రదర్శించిన ‘హిప్పొలిటస్’లోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది, అక్కడ చనిపోయిన భార్య చేతిలోని రాతపలక ఒక్కటే తండ్రికి సాక్ష్యం. రెండింటినీ జతగా చదివిస్తే ఎంతో బాగుంటుంది. యూరిపిడిస్‌దే అయిన ‘మెడియా’ను మాత్రం, పిల్లలను తల్లే చంపే కథ కనుక, కొందరికి కష్టంగా ఉంటుందని పక్కనపెట్టారట. ముందే చెప్పి, రాదలచినవారినే రానిస్తే సరిపోతుంది. విడాకుల తరువాత పిల్లల పేరుతో సాగే పోరాటం గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడే నాటకం మరొకటి నేనెరుగను.

దంపతులు కలిసి వెళ్లవచ్చు, కానీ ఒకే ఘట్టంలో ఎదురెదురు పాత్రలు తీసుకోకపోవడం మంచిది. తండ్రీకొడుకులు వెళ్లదలిస్తే వేరువేరు నాటకాలకు వెళ్లమంటాను. సలహా కోసం, ఓదార్పు కోసం వెళ్లేవారికి నిరాశ తప్పదు, అలాంటి అవసరమున్నవారు కౌన్సెలరును కలవడమే సబబు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను రానివ్వరు. రుసుము మొదటి ఆదివారం నగదుగానో, ఫోను ద్వారానో చెల్లించవచ్చు, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. పాత్రలు ముందు వచ్చినవారికి ముందు ఇస్తారు కనుక నచ్చిన పాత్ర కావాలంటే అయిదు గంటలకే చేరుకోవాలి. చివరి అరగంటకు ముందే సెలవు తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు, నేను రెండుసార్లు అలాగే వచ్చేశాను.